సంతకం పెట్టని సార్జంటు

సోమవారం పొద్దున్న. గాంగ్‌వాన్ కొండల్లో ఓ చిన్న ఊరి స్నానశాల, మగవాళ్ళ వైపు. వేడినీళ్ళ తొట్టి పక్కన పొట్టి పీటల మీద ఒకరి వెనక ఒకరు ఇద్దరు ముసలివాళ్ళు కూర్చున్నారు. కాలికి కట్టుకున్న అలమర తాళాలు తప్ప ఒంటి మీద నూలుపోగు లేదు.

“...పెట్టనంటే పెట్టను. ఎన్నిసార్లు చెప్పాలి?”

“ఎందుకు పెట్టవో అది చెప్పు సార్జంటన్నా.”

“ముందు రుద్దు. చెయ్యి ఆపి మాట్లాడతావేంట్రా? ఒకేసారి రెండు పనులు చెయ్యలేనివాడివి, సైనికుణ్ణని చెప్పుకుంటే ఎవడు నమ్ముతాడు?”

“రుద్దుతూనే ఉన్నాగా. ఇదిగో, చూడు మట్టి. సేమ్యాలాగా ఊడొస్తోంది. పోయిన సోమవారం రుద్దినవాణ్ణి నేనే. మళ్ళీ ఇంత ఎక్కణ్ణుంచి తెచ్చావ్?”

“మెంగ్ వంశం ఒళ్ళురా ఇది. సారవంతమైన నేల.”

“అంత సారవంతమైన నేలలో ఒక్క సంతకం మొలవదా?”

“కింద. ఇంకా కింద. ఆఁ... అక్కడ. అబ్బా! అక్కడికి నా చెయ్యి పోయి ఎన్నేళ్ళయిందో.”

“ఎవడి చెయ్యీ వాడి వీపు మధ్యకి పోదన్నా. నాదీ అంతే.”

“నీకేం తక్కువ, మీ ఆవిడ రుద్దుతుంది. బావుందా మీ ఆవిడ?”

“నాకు పెళ్ళెక్కడయిందన్నా.”

“కాలేదూ?”

“కాలేదు.”

“ఎందుకు కాలేదూ?”

“అడిగినవాళ్ళు లేరని ఈ తక్ పోంగ్‌సు ఏడుస్తుంటే నువ్వొక్కడివి వందసార్లు అడుగుతావ్. మోతగాడికి పిల్లనెవరిస్తారన్నా? యుద్ధం అయ్యాక మగాళ్ళంతా చొక్కాకి పతకాలు పెట్టుకుని ఊళ్ళకొచ్చారు. నేను భుజాల మీద తాళ్ళ గుర్తులేసుకొచ్చా. సంబంధాలు మాట్లాడేవాళ్ళు ‘అబ్బాయిది ఏ దళం, నంబరెంత?’ అనేవాళ్ళు. నాకు నంబరేదీ? ‘నంబరు లేదు, తుపాకీ మాత్రం పేల్చా’ అంటే నవ్వి లేచిపోయేవాళ్ళు.”

“నేనున్నా నవ్వేవాణ్ణే.”

“నువ్విప్పుడూ నవ్వుతూనే ఉన్నావ్.”

“సరే సరే. కొండంత రాగం తియ్యకు. భుజం, భుజం రుద్దు.”

“రాగం కాదు. ఇంకోసారి మొదట్నించీ చెబుతా, విను. ప్రభుత్వం వాళ్ళ రికార్డులో నా పేరుంది. ఉందా?”

“ఉంది.”

“పక్కన ‘మోతకూలీ’ అనుంది. చెక్కల జిగె వీపుకి తగిలించుకుని గుట్ట మీదికి తూటాలూ అన్నం ముద్దలూ మోసినవాడు, అంతే. అది కొట్టేసి ‘సైనికుడు’ అని రాయాలి. రాస్తేనే పతకం. రాయాలంటే ఇద్దరు సాక్షులు కావాలి. నేను గుట్టెక్కడం చూసినవాడొకడు. గుట్ట మీద ఏం చేశానో తెలిసినవాడొకడు. మొదటి సాక్ష్యం మా ఊరిపెద్ద రాసిచ్చాడు. రాసిచ్చి పోయాడు పుణ్యాత్ముడు. రెండోదే లేదు. గుట్ట మీదున్నవాళ్ళలో ఇప్పుడు ఊపిరి పీల్చేవాళ్ళెవరు?”

“ఎవరు?”

“నువ్వూ, నేనూ.”

“అయితే నువ్వే చెప్పుకో.”

“నా సాక్ష్యం నాకు చెల్లదన్నా!”

“అరవకు. ఇక్కడ అరిస్తే నాలుగు గోడలూ తిరిగి అరుస్తాయి. లెఫ్టినెంటు గారున్నారుగా? ఆయనే కదా నీ నెత్తిన ఇనపటోపీ పెట్టింది. ఆయన్నడుగు. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది.”

“లెఫ్టినెంటు గారు పోయారు కదన్నా.”

“పోయాడా?”

“ఆ మర్నాడే పోయారు. మనవాళ్ళలో సగంమంది పడిపోయాక, జిగెలు దింపి తుపాకులు పట్టండ్రా అన్నారు మోతగాళ్ళని. ‘ఇవాళ్టినించి మీరు నా సైనికులు. కాగితాలు కిందికి దిగాక రాస్తా’ అన్నారు. ఆయన కిందికి దిగలేదు.”

“...అవునవును. పోయాడు. నాకు తెలీదనుకున్నావా? నీకు గుర్తుందో లేదోనని అడిగా.”

“బాగానే అడిగావులే. చెయ్యెత్తు, చంక.”

“చంకలో గిలిగింత పుడుతుంది, వద్దు.”

“తూటాలకి బెదరని సార్జంటుకి గిలిగింతా?”

“తూటా గిలిగింత పెట్టదురా. ఒరే, ఒక మాట అడుగుతా. ఈ కాటికి కాళ్ళు చాపిన వయసులో పతకం నీకెందుకు? నాకుంది పతకం. ఏదీ, కనిపిస్తోందా? బట్టలిప్పి పీట మీద కూర్చుంటే నువ్వూ నేనూ ఒకటే.”

“ఒకటి కాదన్నా. నువ్వు పోతే నిన్ను జాతీయ శ్మశానానికి తీసుకెళ్తారు. బూర ఊదుతారు. రాయి పాతుతారు, రాయి మీద పేరు చెక్కుతారు.”

“నిన్ను?”

“నన్ను ఊరి ఆఫీసు వాళ్ళు కాల్చేసి, ఏ పెట్టెలో పెట్టారో వాళ్ళే మర్చిపోతారు. కొడుకు లేడు, కోడల్లేదు. పోయినవాళ్ళకి పెట్టుకునే చుసోక్ పండక్కి నాకు గిన్నెడన్నం ఎవరు పెడతారు? నువ్వుండబోయే చోట వరసగా అందరూ మనవాళ్ళే. అటొకడు, ఇటొకడు. జూన్లో బళ్ళోపిల్లలొచ్చి పిల్లాజెల్లా లేనివాడి రాయి ముందు కూడా పువ్వు పెడతారట. అందరికీ కలిపి ఎవరో పెద్దమనిషి ధూపం వేస్తాడట. కడుపు నిండకపోతే పోనీ, కబుర్లకి మనుషులుంటారు కదా.”

“చచ్చాక కూడా కబుర్లేనా నీకు!”

“బతికుండగా నాతో ఎవరు చెప్పారు కనక? లేవగానే రేడియో పెడతా. పడుకునేముందు కట్టేస్తా. మధ్యలో నోరు తెరిచేది అన్నం తినడానికే. ఇన్నాళ్ళూ కొండమీది సత్రాలకి బియ్యం మోశా, గ్యాసుబండలు మోశా. పైన దింపగానే ‘అక్కడ పెట్టు’ అనేవాళ్ళు. అదే పెద్ద మాట. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి, ఆ మాట కూడా లేదు. సోమవారం ఒక్కరోజు నువ్వు తిడతావ్.”

“నేనెప్పుడు తిట్టానురా వెధవా!”

“అదిగో.”

“నీళ్ళు పొయ్యి. కబుర్లతో కడిగేస్తావా ఏంటి మట్టి... అమ్మో! ఇంత వేడా? చంపుతావా?”

“వేడి చాల్లేదన్నావుగా.”

“నేనెప్పుడన్నాను?”

“ఇప్పుడే.”

“అనలేదు.”

“సరే. అనలేదు. నేనే పొరపాటు విన్నా.”

“నా తాళం ఏదీ? అలమర తాళం ఎవరో తీశారు.”

“కాలికే ఉందన్నా. ఎడమ కాలికి.”

“ఆఁ. ఉంది. ఇటివ్వు ఆ గరుకుగుడ్డ. ఇప్పుడు నువ్వు తిరుగు, నీ వీపు నేను రుద్దుతా. అప్పు ఉంచుకోకూడదు.”

“వద్దులే అన్నా, నీ చేతులు నొప్పెడతాయి.”

“తిరగమన్నానా! ...ఇదేంట్రా ఇది, భుజాలు చూస్తే కాడెద్దు మెడలా ఉన్నాయి. ఈ రెండు చాళ్ళేంటి?”

“జిగె తాళ్ళు. నువ్వు కూడా ఉన్నావుగా వాటిల్లో కొంత.”

“నేనా?”

“నీ బరువు. ఆ రోజు.”

“ఆఁ, ఆ రోజు. ఆ రోజు నాకు బాగా తెలుసు. దాని సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు. నా తొడలో ఇనపముక్క దిగింది. నువ్వు జిగె మీది పెట్టెలు విసిరికొట్టి, పెట్టెల చోట నన్ను కట్టావ్. తాడు మూడు చుట్లు తిప్పావ్. ఊపిరాడలేదు నాకు. ‘ఒరే జిగె, పందిని కట్టినట్టు కట్టావేంట్రా’ అన్నా.”

“అన్నావ్. ‘పందయితే తిట్టదు సార్జంటు గారూ’ అన్నా నేను.”

“నవ్వొచ్చింది నాకు. రక్తం కారిపోతుంటే నవ్వొచ్చింది.”

“మరింత గుర్తుందిగా! ఇంకేం, అదే చెప్పు. ఏటిదాకా దిగుతుంటే పొదల్లోంచి వాళ్ళు లేచారు. నిన్ను దింపే వేళ లేదు. నా ఊతకర్ర పంగలో తుపాకీ ఆనించి కాల్చా. నాలుగడుగులేసి మళ్ళీ కాల్చా. అలా ఏరు దాటా. ఇది చెప్పి సంతకం పెట్టు, చాలు.”

“పెట్టను.”

“ఎందుకూ?”

“చూడలేదు కనక.”

“అన్నా!”

“ఏ అన్నా లేదు. నన్నెటు మొహం పెట్టి కట్టావు చెప్పు. చెప్పరా.”

“...నా మెడకేసి. బోర్లా.”

“నీ మెడకేసి! గుట్ట మీంచి ఏటి దాకా నేను చూసింది నీ మెడ. నీ మెడ, నీ చెవుల వెనక మురికి. ఒక చెవి వెనక పుట్టుమచ్చ. అది కావాలంటే రాసిస్తా. ‘ఇతడు శత్రువుల మీద కాల్పులు జరపగా నేను కళ్ళారా చూశాను’ అని రాయమంటే రాయను. నేను సార్జంటుని. చూడనిది చూశానని జన్మలో చెప్పలేదు.”

“చప్పుడన్నా వినలేదా?”

“ఆ రోజు కొండంతా చప్పుడే. అందులో నీదేదో వాళ్ళదేదో నాకెలా తెలుస్తుంది?”

“అంత నిజాయితీ మనిషివి, ప్రాణం పోసినవాడి కోసం ఒక్క...”

“ప్రాణం పోశావు కనకే. వేరేవాడయితే అబద్ధం రాసిచ్చి పారేద్దును. నీ విషయంలో అబద్ధం రాయను. పైగా సంతకం పక్కన కొట్టే నా ముద్ర నా దగ్గర లేదు. కోడలి దగ్గరుంది. ఇక్కడ కాగితం తడుస్తుంది. చాలా? ఇంకా చెప్పనా కారణాలు?”

“చాల్లే. అడక్కపోతే బావుణ్ణు.”

“ఎందుకడగవు? వచ్చే సోమవారం అడుగు. అప్పుడూ పెట్టను.”

“తక్ తాతగారేనా? అయ్యో, మీరిక్కడున్నారా! మీ ఇంటికి రెండుసార్లు ఫోన్ చేశాను.”

“...ఎవరూ?”

“నేను తాతగారూ, ప్యో. జిల్లా ఆఫీసు, మాజీ సైనికుల విభాగం. బట్టల్లేకపోతే గుర్తుపట్టలేదా? నేనూ మిమ్మల్ని మొహం చూసి కాదు, భుజాలు చూసి గుర్తుపట్టా. అప్పుడు చొక్కా విప్పి చూపించారుగా ఆఫీసులో, అందరి ముందూ.”

“ఆఁ, ప్యో బాబూ. బావున్నావా? ఇవాళ సెలవా? వెళ్ళు, వెళ్ళు, నీళ్ళు చల్లారిపోతాయి. తర్వాత మాట్లాడుకుందాం.”

“తర్వాత కాదు తాతగారూ, అర్జెంటు. మీ పతకం...”

“ఎవడ్రా ఈ కుర్రాడు? ఆఫీసువాడా? మంచి వేళకొచ్చావ్ బాబూ. వీడికి నువ్వన్నా చెప్పు. చూడనిదానికి సాక్ష్యం సంతకం పెట్టమని నా ప్రాణాలు తోడేస్తున్నాడు. చట్టం ఒప్పుకుంటుందా?”

“మెంగ్ తాతగారూ, అదేంటి! సంతకమేంటి మళ్ళీ, మీరు...”

“బాబూ! ఒక్కసారి ఇటు రా. ఇటు, చల్లనీళ్ళ తొట్టి దగ్గరికి. నా నడుం పట్టేసింది, కాస్త చెయ్యివ్వు. సార్జంటన్నా, నువ్వు వేడినీళ్ళలో కూర్చో. గట్టు పట్టుకో. జారకు. ఇప్పుడే వస్తా.”

“పో, పో. ఇద్దరూ కలిసి కుట్ర చెయ్యండి. పెట్టను.”

చల్లనీళ్ళ తొట్టి అవతలి గోడ వారనుంది. చలికాలం దాని జోలికెవరూ పోరు. పోంగ్‌సు ఆ కుర్రవాణ్ణి అక్కడిదాకా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, నీళ్ళ కుళాయి తిప్పి, ఆ చప్పుడు మాటున గొంతు తగ్గించాడు.

“మెల్లగా. ఏ మాటయినా మెల్లగా.”

“తాతగారూ, ఏంటిదంతా? మీ అర్జీ వసంతకాలంలోనే పాసయిందిగా. రికార్డు మారింది. ‘సైనికుడు’ అని రాశారు. పతకం పైనించి వచ్చి నా బల్లసొరుగులో ఉంది. మీకెన్ని ఉత్తరాలు రాశానని! చిరునామా తప్పేమోనని పోస్టుమాన్ని కూడా అడిగా.”

“చిరునామా తప్పు లేదు. అందాయి.”

“అందాయా?”

“అన్నీ అందాయి. బియ్యండబ్బా కింద ఉన్నాయి.”

“మరి రారేం? నెలాఖరు గడువు. మీరొచ్చి ముద్ర వేసి తీసుకోకపోతే ఫైలు వెనక్కి పోతుంది. మళ్ళీ మొదటినించీ మొదలు. ఈసారి సాక్ష్యం చెప్పడానికి ఆయన...”

“తెలుసు బాబూ, ఆయన స్థితి నీకంటే నాకు తెలుసు. పొద్దున్న కోడలు చెప్పులు తొడిగితే, నేను చెయ్యి పట్టుకుని తెచ్చా. ఒకటి మాత్రం నాకు తెలీదు. పెట్టాడనైతే నీ ఉత్తరం చూశాక తెలిసింది. కానీ ఎప్పుడు పెట్టాడు? తలకాయ బావున్న రోజుల్లో కూడా నాతో పెట్టననే అన్నాడు.”

“రెండేళ్ళయింది. చలికాలానికి కిమ్చీ పచ్చడి జాడీలకెత్తే రోజులు. ఒక్కడే బస్సెక్కి వచ్చాడు. కోటు వేసుకుని, పతకం పెట్టుకుని. కూర్చోమంటే కూర్చోలేదు. నా బల్ల ముందు నిటారుగా నిలబడి ‘రాసుకో’ అన్నాడు.”

“ఏం రాసుకోమన్నాడు?”

“‘నేనేమీ చూడలేదు’ అని.”

“చూశావా, చచ్చినా మాట మార్చడు!”

“వినండి తాతగారూ, నాకది నోటికొచ్చు. ‘నేనేమీ చూడలేదు. అతని వీపు మీద బోర్లా ఉన్నాను. బరువు మోసేవాడి వీపు వంగుతుంది, ఊగుతుంది, అంతే. ఆ వీపు మాటిమాటికీ ఆగింది. ఆగినప్పుడల్లా ఊపిరి బిగబట్టింది. ఆ తర్వాత తుపాకీ పేలి వెనక్కి తన్నిన తన్ను అతని భుజంలోంచి, జిగె చెక్కల్లోంచి వచ్చి నా రొమ్ముకి తగిలింది. ఆ తన్ను ఎలా ఉంటుందో సైనికుడికి తెలుసు. మోతకూలీ వీపులో అది ఉండదు. అందుకని అతను సైనికుడు.’ ఇంతే. పై కమిటీలో ఇది చదివాక ఇంకెవరూ ఏమీ అడగలేదట.”

“ఇన్నేళ్ళూ ఆ తన్ను నా ఒక్కడి భుజానికే తగిలిందనుకున్నా బాబూ.”

“మీకు చెబుతానని నేనంటే, వద్దన్నాడు. ‘వాడికి చెప్పకు. తెలిస్తే సోమవారాలు రావడం మానేస్తాడు. నా వీపెవరు రుద్దుతారు?’ అన్నాడు.”

“అన్నాడా?”

“గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి మరీ అన్నాడు.”

“ముసలి నక్క. నక్కకి తాత.”

“మరింకేంటి! రేపు పొద్దున్న వచ్చెయ్యండి. నేనే పెడతా మీ కోటుకి.”

“రేపు వద్దు.”

“ఎల్లుండి?”

“బాబూ, నీ సొరుగులో ఉన్నది నాకు కావాలి. అక్కర్లేదని కాదు. ఎంత కావాలో నీకు తెలీదు. ఇప్పుడు దాంతో నాకున్న పనల్లా, దాన్ని అడగడమే.”

“నాకర్థం కాలేదు.”

“నీ మొదటి ఉత్తరం వచ్చాక, ఇంక అడగాల్సిన పనేముందని ఒక సోమవారం అడగలేదు. తీసుకొచ్చా, వీపు రుద్దా, లోకం కబుర్లన్నీ చెప్పా. బుద్ధిగా విన్నాడు. ‘మీరు’ అన్నాడు నన్ను. వెళ్ళేటప్పుడు కోడలి దగ్గర డబ్బులడిగి నా చేతిలో పెట్టాడు. ‘బాగా రుద్దావయ్యా, నీ పేరేంటి?’ అన్నాడు.”

“అయ్యో.”

“పేరు చెప్పా. మర్యాదగా తలూపాడు. ఇంటికెళ్ళాక రేడియో పెట్టబుద్ధి కాలేదు నాకు.”

“తాతగారూ, దానికేముంది? పతకం తీసుకోండి. తీసుకుని దాచిపెట్టండి. ఆయన దగ్గర మాత్రం ఎప్పట్లా అడుగుతూ ఉండండి.”

“అదీ చూశా. ఇంకో సోమవారం మాటవరసకి అడిగా. ఎలాగూ వచ్చేసిందిగా అనుకుంటూ. ‘చూద్దాం లెండి’ అన్నాడు, బియ్యం అప్పడిగినవాడితో అన్నట్టు. ఎంతమంది కుర్రాళ్ళ దొంగ కడుపునొప్పులు చూసినవాడు బాబూ ఆయన! మతిపోయింది కానీ చెవి పోలేదు. సొరుగులో పెట్టుకున్నదాన్ని కావాలని అడగడం నాకు చేతకాదు, అడిగితే వినడం ఆయనకి చేతకాదు.”

“మరి మీ రాయి? మీ గిన్నెడన్నం? అర్జీ రాసేటప్పుడు దాని గురించేగా ఏడ్చారు నా ముందు. పిల్లలు పువ్వులు పెడతారన్నారు.”

“ఏడ్చా. ఇప్పుడూ ఏడుపొస్తుంది తలుచుకుంటే. ఒక్కణ్ణే ఏ పెట్టెలోనో ఉండాలంటే భయం నాకు. అబద్ధం ఎందుకూ. కానీ అది పోయాక సంగతి. బతికుండగా నన్ను పిలిచేవాడు ఈ భూమ్మీద ఈయనొక్కడే. అది నా పేరు కూడా కాదు, నా వీపు మీది చెక్కల పేరు. అయినా పిలుస్తాడు.”

“అయితే గడువు దాటితే...”

“ఇంకా దాటలేదుగా.”

“తాతగారూ, మీరు తప్పు చేస్తున్నారు.”

“చేస్తే చేశా. నీకేం, నువ్వు...”

“ఎవరయ్యా అక్కడా! ఎవరన్నా ఉన్నారా?”

“వస్తున్నా, వస్తున్నా! లేవకు, జారతావ్!”

“నా తాళం ఎవరో ఎత్తుకుపోయారు. నా బట్టలు లోపలున్నాయి.”

“కాలికే ఉంది. ఇదిగో, ఎడమ కాలికి. పట్టుకు చూడు.”

“...మీరెవరు?”

“నేనే.”

“నేనంటే? స్నానశాల మనిషా మీరు? మా ఇంటికి కబురు పెట్టండి. నన్నిక్కడ ఒక్కణ్ణే వదిలేసి పోయారు. ఇక్కడ నాకెవరూ తెలీదు.”

“నేనున్నాగా. భయపడకు.”

“మీరెవరో నాకు తెలీదంటుంటే! చెయ్యి వదలండి.”

“తాతగారూ, మీ పేరు చెప్పండి ఆయనకి. చెప్పండి, పాపం బెదిరిపోతున్నాడు.”

“పేరుకి రాడు బాబూ. నువ్వు కాసేపు మాట్లాడకు.”

“ఎవరు మీరిద్దరూ? ఏం కావాలి?”

“సార్జంటన్నా. ఇటు చూడు. నా మొహం కాదు, మాట విను. నెలాఖరుకి గడువు అయిపోతుంది. ఆ తర్వాత నాకు రాయి లేదు, గిన్నెడన్నం లేదు. గుట్ట మీంచి నిన్ను మోసుకొచ్చా. నీ కాళ్ళు పట్టుకుంటా. నా సాక్ష్యం సంతకం పెట్టన్నా. పెట్టన్నా, నాకింకెవరూ లేరు.”

“...ఒరే జిగె! ఎక్కడ చచ్చావురా ఇంతసేపూ? పెట్టనంటే పెట్టను! రా, ఇటు తిరిగి కూర్చో, నీ వీపు రుద్దుతా.”